లౌజా తాగిన నీళ్లు

తన నడుం ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు మా అక్క హదీల్ తన కుందేలును మా ఇంట్లో దించింది. తానుండే సల్త్ ఊరి నుంచి టాక్సీలో వచ్చింది. నడుం నొప్పితో మెట్లెక్కలేక కిందే నిలబడితే, మా ఆయన నాయెఫ్ మూడంతస్తులు దిగి కుందేలు బుట్ట పైకి తెచ్చాడు. వెనకాలే అక్క ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, మూలుగుతూ వచ్చింది. వచ్చీ రాగానే సోఫాలో కూలబడి, చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదంతా చదువు. అర్థం కాకపోతే ఇప్పుడే అడుగు. మత్తిచ్చాక నేను చెప్పలేను."

అక్క ముప్పై ఏళ్లుగా ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం చెబుతోంది. పెళ్లి చేసుకోలేదు. ఐదేళ్లుగా ఆమెకు తోడు ఈ కుందేలే. ఒలిచిన బాదంగింజ రంగులో ఉంటుందని లౌజా అని పేరు పెట్టుకుంది. కాగితంలో గడ్డి ఎంత, ఆకులు ఎన్ని, ఏ ఆకులు పెట్టకూడదు, అన్నీ ఉన్నాయి. నీళ్ల దగ్గర మాత్రం ఎర్ర సిరాతో గీత గీసింది. కుందేలు బరువు కిలోకి రోజుకు యాభై నుంచి వంద మిల్లీలీటర్లు. లౌజా రెండు కిలోల పైచిలుకు. అంటే రోజుకు వంద నుంచి రెండు వందలు. అరవై కంటే తగ్గితే డాక్టరు. మూడు వందలు దాటితే డాక్టరు. కాగితంతో పాటు బడి ప్రయోగశాలలోంచి తెచ్చిన గీతల గ్లాసు ఒకటి.

"పొద్దున మూడు వందలు పొయ్యి. మర్నాడు పొద్దున మిగిలింది కొలువు. తీసివేత వచ్చు కదా?"

"అక్కా, నేను పెళ్లిబట్టల దుకాణంలో రోజూ టేపు పట్టుకునేదాన్ని."

"తెలుసు. రెండుసార్లు కొలిచి ఒకసారి తప్పు కత్తిరించేదానివి."

ఇది మా చిన్నప్పటి నుంచీ ఉన్న మాటే. నేను నిర్లక్ష్యం మనిషిని, ఆమె జాగ్రత్త మనిషి. అమ్మ పోయేదాకా ఆ తగువు తీర్చలేకపోయింది.

మా మామయ్య అబూ నాయెఫ్, అంటే నాయెఫ్ వాళ్ల నాన్న, తన కుర్చీలోంచే అంతా వింటున్నారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. పల్లెలో ఉన్నప్పుడు ముప్పై కుందేళ్లు పెంచిన మనిషి. పెంచింది కోసుకుని తినడానికేలెండి.

"కుందేలుకి గిన్నెతో నీళ్లా?" అన్నారు. "నా ముప్పై కుందేళ్లలో ఒక్కటి కూడా గిన్నె ముఖం చూడలేదు. దానికి కావలసిన తడి ఆకులోనే ఉంటుంది. నీళ్లు తాగితే పొట్ట ఉబ్బి చస్తుంది."

"అబూ నాయెఫ్ గారూ, అది పాతకాలం మాట," అంది అక్క మర్యాదగానే.

"పాతకాలంలో కుందేళ్లకి వేరే పొట్ట ఉండేదా అమ్మా?"

అక్క నావైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. మామయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పెళ్లై వచ్చిన ఇరవై రెండేళ్లలో నాలుగో కాలు ఉందని ఆయన్ని ఒప్పించినవాళ్లను నేను చూడలేదు.

లౌజాను మూసిన వరండాలో ఉంచాం. మామయ్య పుదీనా కుండీల పక్కన చల్లటి నాపరాయి ఉంది, దానిమీద చాప వేశాను. ఆగస్టు నెల. మా జబల్ అల్ జోఫె కొండమీద మధ్యాహ్నమైతే గోడలు పొయ్యిరాళ్లలా కాలుతాయి. పైగా వారానికోసారి వచ్చే పంపు నీళ్లు ఆ వారం రాలేదు. సోమవారం వస్తాయని మిద్దె మీద ట్యాంకుల మూతలు తెరిచి కూర్చున్నవాళ్లందరం చివరికి ట్యాంకరు తెప్పించుకున్నాం. అయినా ఇంట్లో ఎవరం ఎంత పొదుపు చేసినా, లౌజాకు మాత్రం పొద్దున్నే సరిగ్గా మూడు వందలు కొలిచి గిన్నెలో పోసి దుకాణానికి వెళ్లేదాన్ని.

మొదటి రోజు తర్వాత కొలిస్తే రెండు వందల అరవై మిగిలింది. నలభై తాగింది. అరవై కంటే తక్కువ. కొత్త చోటు కదా అనుకుని సర్దుకున్నాను.

రెండో రోజు తర్వాత గిన్నె ఎండిపోయి ఉంది. మూడు వందలూ తాగేసింది. ఇది మరీ ఎక్కువ.

మూడో రోజు తర్వాత గిన్నెలో మూడు వందల నలభై ఉన్నాయి.

నేను గ్లాసు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో చూశాను. మళ్లీ గిన్నెలో పోసి, మళ్లీ గ్లాసులో కొలిచాను. మూడు వందల నలభై. పోసినవి మూడు వందలు. అంటే లౌజా తాగకపోగా నలభై తిరిగి ఇచ్చిందన్నమాట. కుందేలు నన్ను చూస్తూ ముక్కు ఆడిస్తోంది. దానికీ ఏమీ తెలిసినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. ఆపరేషన్ అయింది, గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. బాగున్నావా అని నేను అడిగేలోపే, "ఎంత తాగింది?" అంది.

"నూట యాభై," అన్నాను.

ఎందుకు అన్నానో అప్పుడు నాకే తెలీదు. వెన్నులో ఇనుప మేకులు దిగిన మనిషికి మైనస్ నలభై అని ఎలా చెబుతాం?

"నిన్న?"

"నూట యాభై."

"మంచిది," అంది అక్క. "మంచిదేలే."

ఆ తర్వాత రోజూ ఆమె అడిగింది, నేను నూట యాభై అన్నాను. ఫ్రిజ్ తలుపు మీద అతికించిన కాగితంలో మాత్రం అసలు లెక్క రాసుకుంటూ పోయాను. నాలుగో రోజు రెండు వందల పది. ఐదో రోజు సున్నా. ఆరో రోజు మూడు వందలు. దానికి తలా తోకా లేదు.

అడగని మనిషి లేదు. కింది అంతస్తు ఉమ్ గాలిబ్‌ను అడిగితే, "మా చిన్నమ్మ కుందేలు బకెట్టు తాగేది, వల్లాహి, దేవుడి తోడు, బకెట్టు," అంది. ఆ చిన్నమ్మ కుందేలు తర్వాత ఏమైందంటే చచ్చిపోయిందట. ఎందుకంటే, వయసైపోయిందట. దుకాణంలో నా పక్కన పూసలు కుట్టే జుమానా, "గిన్నె పగిలిందేమో చూడు," అంది. ఇంటికెళ్లి గిన్నె కింద పొడి గుడ్డ పరిచాను. మర్నాడు గుడ్డ పొడిగానే ఉంది. పిల్లి వస్తోందేమోనని వరండా కిటికీలు మూసి వెళ్లాను. అయినా అంతే. ఎండకు ఆవిరవుతున్నాయేమో అనిపించింది. అలాంటిదే ఇంకో గిన్నె తీసుకుని, అందులోనూ మూడు వందలు పోసి, కుందేలుకు అందకుండా కిటికీ గూట్లో పెట్టాను. మర్నాడు దాంట్లో రెండు వందల ఎనభై ఉన్నాయి. అంటే ఎండ తాగేది ఇరవై. అక్క చూసుంటే మెచ్చుకునేది. కానీ కుందేలు గిన్నె ఆ రోజు కూడా ఖాళీ.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగేశాను. "మీలో ఎవరైనా లౌజా నీళ్లు ఒలకబోశారా?"

"లేదే," అన్నాడు నాయెఫ్.

"నేనెందుకు ఒలకబోస్తానమ్మా, నీళ్లు అంత చవకగా ఉన్నాయా?" అన్నారు మామయ్య, రొట్టె తుంచుకుంటూ.

"పోనీ ఆ గిన్నెలోంచి ఎవరైనా తీసుకున్నారా?"

"కుందేలు ఎంగిలి నీళ్లు నాకెందుకు?" అని నాయెఫ్ నవ్వాడు. "రిహాబ్, ఆ గ్లాసు పక్కన పెట్టి అన్నం తిను. పిచ్చెక్కుతుంది."

నిజంగానే ఎక్కేలా ఉంది. దుకాణంలో ఒక పెళ్లికూతురి నడుం కొలిచి, టేపు చూసి, 'మైనస్ నలభై' అనబోయి ఆగాను.

ఇన్ని లెక్కల్లో పడి నేను కుందేలును చూడటం మానేశాను. అది ఇప్పుడు తెలుస్తోంది. రోజూ పొద్దున గిన్నె దగ్గర కూర్చునేదాన్ని, గ్లాసు వంక చూసేదాన్ని, కాగితం మీద రాసేదాన్ని. పక్కనే లౌజా ఉండేది. దాని వెంట్రుకలు ఎప్పుడు మెరుపు తప్పాయో, ఎప్పట్నుంచి చాప మీదే ముడుచుకుని ఉంటోందో నేను గమనించలేదు.

ఎనిమిదో రోజు గురువారం. పొద్దున ఆకులు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. ముందు రోజు సాయంత్రం వేసిన గడ్డి వేసినట్టే ఉంది. ఊడ్చబోతే పెంటికలు మిరియాల కంటే చిన్నగా, రాళ్లలా గట్టిగా ఉన్నాయి. మామూలుగా బఠాణీ గింజలంత ఉండేవి. చెవి పట్టుకుంటే చేతికి వేడిగా తగిలింది. నా చేతిలో ఆ చెవి అలాగే వాలిపోయింది.

"మామయ్యా!" అని అరిచాను.

ఆయన వచ్చి వంగి చూశారు. పొట్ట మీద రెండు వేళ్లతో మెల్లగా తట్టి, అక్కడ చెవి ఆనించి విన్నారు. లేచేటప్పటికి ఆయన ముఖంలో రంగు లేదు.

"బిడ్డా, టాక్సీ పిలువు," అన్నారు. "లోపల ఏమీ కదలటం లేదు."

నాయెఫ్ అప్పటికే పనికి వెళ్లిపోయాడు. బుట్ట మామయ్యే పట్టుకున్నారు. టాక్సీలో ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా తన చేతిరుమాలుతో దానికి విసురుతూ కూర్చున్నారు. మామయ్య మాట్లాడకుండా అంత దూరం ప్రయాణం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

పశువుల డాక్టరు పేరు మైసూన్. నా వయసే ఉంటుంది, కళ్లజోడు తలమీదికి నెట్టుకుని ఉంది. లౌజాను బల్లమీద పెట్టి, మెడ దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టి లాగి వదిలింది. చర్మం వెనక్కి పోలేదు. గుడారంలా అలాగే నిలబడి, నెమ్మదిగా వాలింది.

"నిన్న ఎంత నీళ్లు తాగింది?"

నేను కాగితం తీశాను. ఆ కంగారులోనూ ఫ్రిజ్ మీంచి పీక్కొచ్చాను. "రెండు వందల ఎనభై."

డాక్టరు కాగితం చూసింది. నన్ను చూసింది. మళ్లీ కాగితం చూసింది. "ఇక్కడ మైనస్ నలభై అని ఉందేంటమ్మా?"

"అదే నాకూ అర్థం కాలేదు డాక్టరుగారూ."

"ఈ కుందేలు నిన్న రెండు వందల ఎనభై తాగలేదు. మొన్న కూడా తాగలేదు. వారం రోజులుగా సరిగ్గా తాగలేదంటాను నేను."

"నేను రోజూ కొలిచాను!"

"గిన్నెలో ఎంత తగ్గిందో కొలిచారు. ఆ తగ్గింది ఇదే తాగిందని ఎవరు చెప్పారు మీకు? తాగుతుంటే ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా లౌజా గిన్నెలో మూతి పెట్టడం నేను చూడలేదు.

అప్పుడు నా వెనకనుంచి మామయ్య గొంతు సవరించుకున్నారు.

"డాక్టరమ్మా, ఆ నీళ్లు నేను తీశాను."

వెనక్కి తిరిగాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు.

"మధ్యాహ్నం నమాజు అయ్యాక రోజూ వెళ్లి ఆ గిన్నె పుదీనాకు పోసేవాణ్ని. కునుకు పట్టిన రోజు మాత్రం పొయ్యలేదు."

"మామయ్యా! నేను అడిగాను కదా!"

"ఒలకబోశారా అని అడిగావు. నేను ఒలకబొయ్యలేదు. పుదీనాకు పోశాను. మీ అక్క బాధ్యతగా అప్పజెప్పిన ప్రాణం, పొట్ట ఉబ్బి చస్తే నీకు మాట వస్తుందని..." ఆయన బల్లమీది కుందేలు వైపు చూశారు. "నీతో చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

"మరి పొద్దుటికి గిన్నెలో మళ్లీ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి?"

మామయ్య తల అడ్డంగా ఆడించారు. "అదే నాకూ అర్థం కాలేదు బిడ్డా. రోజూ ఖాళీ చేస్తానా, మర్నాడు నువ్వు లేచేసరికి కొన్నిసార్లు నిండుగా ఉండేది. నేనే పోశానేమో, మర్చిపోయానేమో అనుకున్నాను. ముసలితనం వచ్చేసిందని భయపడ్డాను."

నేను అక్కడికక్కడే నాయెఫ్‌కి ఫోన్ చేశాను. "లౌజా గిన్నెలో నువ్వేమైనా నీళ్లు పోశావా?"

అవతల యంత్రాలు గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. "పోశాను. పని నుంచి వచ్చేసరికి ఖాళీగా ఉండేది. నువ్వు పొయ్యడం మర్చిపోయావనుకున్నాను. టీ గ్లాసుతో ఓ గ్లాసో, ఒక్కోసారి మూడో పోసేవాణ్ని. ఆలస్యంగా వచ్చిన రోజు పొయ్యలేదు."

"మరి అడిగితే చెప్పవేం?"

"తీసుకున్నావా అని అడిగావు. నేను తీసుకోలేదు కదా, పోశాను. అయినా మీ అక్క ఎప్పుడూ నిన్ను మతిమరుపు మనిషి అంటుంది, నేను కూడా అంటే బాగుండదని ఊరుకున్నాను. ఏం, ఏమైంది?"

పని కాగానే ఇంటికి రా, చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఒకరు తీసేవారు, ఒకరు పోసేవారు, నేను కొలిచేదాన్ని. ముగ్గురం ఒకరినొకరు నొప్పించకూడదనే అనుకున్నాం. మధ్యలో నోరులేని జీవం ఎండిపోయింది.

డాక్టరు మైసూన్ మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. సూదితో లౌజా భుజాల మధ్య చర్మం కింద సెలైన్ ఎక్కించింది. అక్కడ చిన్న మూటలా ఉబ్బి మెల్లగా తగ్గింది. పేగులు కదలడానికి మందు ఇచ్చింది. "కుందేలుకి నీళ్లు అందకపోతే పేగులో గడ్డి ముద్ద కట్టేస్తుంది. పన్నెండు గంటలు తినకపోతే ప్రమాదంలో పడ్డట్టే. వాంతి చేసుకునే జాతి కాదిది. లోపలికెళ్లింది ముందుకే పోవాలి," అంది. "ఆకులు ఏం పెట్టేవారు?"

"కొత్తిమీర, పుదీనా, దోసకాయ," అన్నారు మామయ్య. "రోజూ నేనే సిద్ధం చేసేవాణ్ని. ఒక్కో ఆకూ గుడ్డతో తుడిచి మరీ పెట్టేవాణ్ని, తడి లేకుండా."

"ఆ ఆకులే దీన్ని ఇన్నాళ్లు నిలబెట్టాయి. ఇక తుడవకండి. కడిగి, నీళ్లు కారుతుండగానే పెట్టండి."

మామయ్య ఆమెను గుడ్లప్పగించి చూశారు. "తడి ఆకా? డాక్టరమ్మా, నా పదకొండు కుందేళ్లు ఒక్కరోజులో పోయాయి. మంచులో తడిసిన గడ్డి వేశాను. పొద్దున వేస్తే సాయంత్రానికి పదకొండూ పొట్టలుబ్బి పోయాయి. మా నాన్న నన్ను వారం రోజులు పలకరించలేదు."

"నీళ్ల వల్ల కాదు పెద్దాయనా. గడ్డి బూజు పట్టిందో, ఏదైనా రోగం వచ్చిందో. ఇన్నేళ్ల తర్వాత ఎలా చెప్పను? కానీ తడి వల్ల మాత్రం కాదు."

"అయితే దేనివల్ల పోయాయి?"

ఆమె సిరంజి కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. మామయ్య టోపీ అంచు తిప్పుతూ, తిప్పుతూ, అదే ప్రశ్న నన్ను కూడా అడిగారు. "యాభై ఐదేళ్లయింది బిడ్డా. నీళ్లు కాకపోతే మరి దేనివల్ల?"

మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చుకున్నాం. ఇక సిరంజి పని మొదలైంది. సూదిలేని సిరంజితో మూతి పక్కనుంచి, పళ్ల వెనక సందులోంచి, చుక్క చుక్కగా పది మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి. ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు హెచ్చరించింది. నేను ఒళ్లో పెట్టుకుంటే మామయ్య చుక్కలు వేసేవారు. ఆయన చెయ్యి ఒణుకుతుందేమోనని భయపడ్డాను కానీ, సూదిలో దారం ఎక్కించేవాడి చెయ్యిలా నిలకడగా ఉంది. కొంత తాగేది, కొంత ఛాతీ మీద కారబోసుకునేది. గిన్నెలో పోసి మూతి ముందు పెడితే మాత్రం వాసన చూసి తల తిప్పుకునేది. దాహంతో చచ్చేలా ఉన్న జీవం, ఎదురుగా నీళ్లు. అయినా తాగదు. అదొక కొత్త చిక్కుముడి.

మూడున్నరకు అక్క ఫోన్ వచ్చింది. ఒళ్లో లౌజా ఉందని స్పీకరులో పెట్టాను, మామయ్య పక్కనే ఉన్నారు.

"ఎంత తాగింది?"

ఇక అబద్ధం నోట రాలేదు. మొదటి నుంచీ చెప్పాను. పుదీనా, టీ గ్లాసు, మైనస్ నలభై, నేను చెప్పిన నూట యాభైలు, ఈ పొద్దుటి డాక్టరు, అన్నీ. చెబుతూ ఏడ్చాను. అవతల నర్సు ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ నూట యాభైలు అబద్ధమని నాకు తెలుసు," అంది అక్క.

"ఎలా?"

"ఏ ప్రాణీ వరసగా వారం రోజులు నూట యాభై తాగదు రిహాబ్. ఒకరోజు నూట ఇరవై, ఒకరోజు నూట ఎనభై. కొలవడం మానేసి నోటికొచ్చింది చెబుతున్నావనుకున్నాను. నీకు బద్ధకమనుకున్నాను. బతికుంటే చాల్లే అని నిలదీయలేదు. నేనే గట్టిగా అడగాల్సింది." కాస్త ఆగింది. "ఇప్పుడు తాగుతోందా?"

"సిరంజితో ఇస్తే మింగుతుంది. గిన్నెలోంచి తాగదు. వాసన చూసి వదిలేస్తోంది."

"ఏ నీళ్లు పోస్తున్నావు?"

"ఏ నీళ్లంటే? మన నీళ్లే. మిద్దె మీద ట్యాంకులోవి."

"పంపు నీళ్లా, ట్యాంకరు నీళ్లా?"

"ట్యాంకరువి. ఈ వారం పంపు రాలేదు."

అవతల అక్క ఊపిరి గట్టిగా పీల్చింది. "క్లోరిన్ మందు వాసన ఉంటుంది దాన్లో. నేను దానికి ఎప్పుడూ కొట్టు నీళ్లే పోస్తాను. వీధి చివర వడకట్టి డబ్బాల్లో అమ్ముతారు చూడు, అవి. నేను తాగేది అవే, దానికీ అవే. ఐదేళ్లుగా వేరే నీళ్లు ముట్టలేదది."

"కాగితంలో లేదక్కా ఆ ముక్క."

"లేదా?"

"లేదు."

రోజూ చేసే పని కాబట్టి ఆమెకు రాయాలని తోచలేదు. గడ్డి కొలత రాసింది, గ్లాసు తెచ్చింది, ఎర్ర గీత గీసింది. ఏ నీళ్లో రాయలేదు. నేను ఆమెను ఎత్తిపొడిచే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది. తీరా నోరు తెరిస్తే, "నడుం ఎలా ఉందక్కా?" అనే వచ్చింది. అంతే, అక్క భోరుమంది. అమ్మ పోయిన తర్వాత అక్క ఏడవడం నేను వినలేదు.

ఫోన్ పెట్టి చూస్తే మామయ్య ఇంట్లో లేరు. బయటి తలుపు బార్లా తీసి ఉంది. పావుగంటకు, రెండు చేతుల్లో చెరో ఐదు లీటర్ల డబ్బాతో, మూడో అంతస్తు చేరి గుమ్మం దగ్గర ఆయాసపడుతూ నిలబడ్డారు. మెట్ల మీద ఉమ్ గాలిబ్ అడుగుతున్న మాట వినిపిస్తోంది. "అబూ నాయెఫ్, ఇంత ఎండలో ఎవరికోసం ఈ మోత?"

"ఇంట్లో చుట్టాలున్నారు," అన్నారు ఆయన.

గిన్నెను మూడుసార్లు కొట్టు నీళ్లతోనే కడిగారు. ఇంట్లో నీటి కరువుకు ఇంకో రోజైతే నేనే అరిచేదాన్ని. నింపి లౌజా ముందు పెట్టి, చాప పక్కనే కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. పని నుంచి తొందరగా వచ్చేసిన నాయెఫ్ బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

లౌజా వాసన చూసింది. ఆగింది. మళ్లీ వాసన చూసింది. తల వెనక్కి తీసుకుంది.

"లాభం లేదు," అన్నాడు నాయెఫ్.

"నోర్మూసుకో," అన్నారు మామయ్య.

చాలాసేపు అలాగే కూర్చున్నాం. కాళ్లు తిమ్మిరెక్కాయి. వీధిలో గ్యాసు సిలిండర్లు అమ్మే బండి పాట వాయించుకుంటూ వచ్చి వెళ్లిపోయింది. అప్పుడు లౌజా ముందుకు జరిగి గిన్నె అంచు మీద గడ్డం ఆనించి, నాలుక చాపింది. టప టప టప టప. ఎంత చిన్న చప్పుడో! వాన మొదలయ్యే ముందు రేకు మీద పడే చినుకుల్లా. ఆగకుండా తాగింది. మామయ్య పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారో, దేవుణ్ని తలుచుకుంటున్నారో తెలీదు. అది తల ఎత్తేసరికి మూతి వెంట్రుకల నుంచి నీటి బొట్లు కారుతున్నాయి.

"ఎంత తాగిందంటావు?" అన్నాడు నాయెఫ్ గొంతు తగ్గించి.

"తెలీదు," అన్నాను. ఎంత పోశామో ఎవరం కొలవలేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే చాప మీద బఠాణీ గింజలంత పెంటికలు నాలుగు కనిపించాయి. మామయ్య వాటిని చూసి, "అల్‌హందులిల్లా!" అని అంత గట్టిగా అన్నారంటే, మసీదుకు బయల్దేరిన ఎదురింటి వాళ్లు ఏం శుభవార్తని తలుపు కొట్టారు. పెంటికలని చెప్పడానికి సిగ్గేసి, అక్క కోలుకుందని చెప్పాను.

వారం తర్వాత డాక్టరు మైసూన్ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాం. బరువు చూసింది, చర్మం లాగి చూసింది. ఈసారి చటుక్కున వెనక్కి పోయింది. నేను ఉండబట్టలేక అడిగాను. "డాక్టరుగారూ, ఒక్క మాట ఖాయంగా చెప్పండి. రోజుకి ఎంత తాగాలి?"

"కిలోకి యాభై నుంచి వంద."

"నిన్న తొంభై తాగింది. మొత్తం మీద. అది తక్కువ కదా?"

"నిన్న ఆకులు ఎన్ని తింది?"

"రెండు గుప్పిళ్లు ఎక్కువే. కడిగినవి."

"మరి అందులో నీళ్లు లేవా? ఎండుగడ్డి తిన్న రోజు ఎక్కువ తాగుతుంది. ఎండకు ఎక్కువ, చల్లబడితే తక్కువ. మీరు రోజూ ఒకే లెక్కన తాగుతారా?"

"అంటే ఎంతని?"

డాక్టరు నవ్వింది. "దానికి నచ్చిన నీళ్లు ఎప్పుడూ ముందుంచండి. అది తాగుతుందా లేదా కళ్లతో చూడండి. తిండి మానేసినా, పెంటికలు చిన్నబడినా రండి."

బయటికి వచ్చాక మామయ్య అడిగారు. "ఎంతని చెప్పింది?"

"నాకు అర్థం కాలేదు మామయ్యా."

"నాకూ కాలేదు. మొత్తానికి బాగుందంది కదా?"

"బాగుందంది."

"అయితే సరే."

సెప్టెంబరు మూడో వారంలో అక్క చేతికర్ర సాయంతో నడవగలిగింది. ఆదివారం వచ్చి లౌజాను సల్త్‌కి తీసుకెళ్లింది. ఈసారి మెట్ల దగ్గర నా భుజం మీద బరువు వేసి దిగింది. దిగుతూ, నా దుకాణం పని గురించి, నా మోకాళ్ల నొప్పి గురించి, అన్నీ అడిగింది. నీళ్ల మాట ఎత్తలేదు. మామయ్య తన గదిలోంచి బయటికి రాలేదు. తలనొప్పి అన్నారు. టాక్సీ మలుపు తిరిగేదాకా కిటికీ తెర పక్కకి జరిగే ఉండటం నేను కింద నుంచి చూశాను.

మర్నాడు పొద్దున టీ దగ్గర ఆయన కప్పు కింద పెట్టి, గోడ వైపు చూస్తూ అడిగారు.

"సల్త్ బస్సు ఎన్నింటికుందో నీకేమైనా తెలుసా బిడ్డా?"